మంచు కింద సెంట్రింగ్ ఊడదీసిన ఓడ

"రైలు ఓడెక్కుతుందా మామయ్యా?" అని మా మేనల్లుడు అడిగాడు. ఎక్కుతుంది. ఓడలోనే పట్టాలుంటాయి, పెట్టెలు వాటి మీదికి దొర్లుకుంటూ వెళ్తాయి. రేవు పట్టాలను ఓడ పట్టాలతో ఎలా కలుపుతారన్నది ఇప్పుడొద్దు. నన్ను ఏళ్లుగా పట్టుకు వదలనిది ఇంకొకటుంది: ఓడకు ముందువైపు ప్రొపెల్లర్.

సైబీరియా రైలుమార్గానికి బైకాల్ సరస్సు అడ్డొచ్చింది. దాని లోతు 1,642 మీటర్లు. దక్షిణపు ఒడ్డున కొండలు తొలిచి పట్టాలు వేయడానికి ఏళ్లు పడుతుంది. అందుకని ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో 'బైకాల్' అనే ఆవిరి ఓడను తయారు చేయించారు. దాన్ని విప్పి, ముక్కలుగా సైబీరియా చేర్చి, సరస్సు ఒడ్డునే మళ్లీ బిగించారు. 1899లో నీళ్లలోకి దిగి, 1900లో పని మొదలుపెట్టింది. పొడవు దాదాపు 290 అడుగులు, 15 బాయిలర్లు. 1,250 హార్స్‌పవర్ ఇంజన్లు మూడు, ఒకే ఆవిరిని మూడు దశల్లో వ్యాకోచింపజేసి వాడుకునే రకం. రెండు వెనక ప్రొపెల్లర్లను తిప్పేవి, మూడోది ముందున్నదాన్ని.

ముందు ఎందుకంటే, మంచు కోసం.

స్లాబ్ పోసే చోట ఎప్పుడైనా నిలబడ్డారా? పచ్చి కాంక్రీటు బరువంతా కింద సెంట్రింగ్ మోస్తుంది. సరస్సు మీది మంచుపలకకు నీళ్లే సెంట్రింగ్. మంచు నీటిపై తేలుతుందని పిల్లలకు చెప్పి పాఠం ముగించేస్తాం. దాని మీద నడిచే బండిని నిజానికి మోస్తున్నది కింది నీరేనని ఎవరూ చెప్పరు, నాకూ చెప్పలేదు. బండి బరువుకు పలక కాస్త కుంగుతుంది, కుంగినంత మేర నీరు పైకి నెడుతుంది.

ముందు ప్రొపెల్లర్ ఆ నీటినే లాగేస్తుంది. ఓడ ముందున్న మంచు అంచు ఆధారం పోయి, గోడలోంచి పొడుచుకొచ్చిన సజ్జలా మిగులుతుంది. సజ్జలో ఇనుము పైవైపు వేయాలని ప్రతి మేస్త్రీకీ తెలుసు. ఎందుకంటే సజ్జ కిందికి వంగినప్పుడు పైభాగం సాగుతుంది, సాగడం కాంక్రీటుకు చేతకాదు. మంచుకూ చేతకాదు, అందులో ఇనుమూ లేదు. దాని మీదికి ఓడ ముక్కు ఎక్కి కూర్చుంటే పలక పైనుంచి పగులుతుంది. ప్రొపెల్లర్ వెనక్కి చిమ్మే నీరు ఓడ పక్కల వెంట పారుతూ, విరిగిన ముక్కలు రాసుకోకుండా చూస్తుంది.

ఇది అమెరికాలో పుట్టిన ఉపాయం. మాకినాక్ జలసంధిలో రైలు పెట్టెలు దాటించడానికి 1888లో ఫ్రాంక్ కిర్బీ రూపొందించిన 'సెయింట్ ఇగ్నేస్' ఓడలో వాడారు. రష్యన్ నౌకాధికారి మకరోవ్ దీన్ని ఆర్కిటిక్‌కు కట్టించిన 'యెర్మాక్' ఓడలోనూ పెట్టించాడు. అక్కడ పనిచేయలేదు, 1899లో తీసేశారు. సముద్రపు మంచు పలకలు ఒకదాని మీదొకటి ఎక్కి గుట్టలు పడతాయి. సెంట్రింగ్ లాగితే స్లాబ్ వంగుతుంది కానీ, రాళ్లగుట్ట ఏం వంగుతుంది? పైగా ఆ దిమ్మలు ప్రొపెల్లర్ రెక్కలకే తగులుతాయి.

బైకాల్ మంచు చదునైనదే, అయినా నడిచలికాలంలో ఓడ ఆగిపోయేది. 1904 ఫిబ్రవరిలో జపాన్‌తో యుద్ధం మొదలయ్యేసరికి అదే పరిస్థితి. అప్పుడు మంచు మీదే పట్టాలు పరిచారు. ఒక ఇంజన్‌ను నడిపిస్తే పలక విరిగి మునిగింది. తర్వాత ఇంజన్లను విప్పి తరలించారు, పెట్టెలను గుర్రాలతో లాగించారు. ఓడ లాగేసే ఆ నీరే ఇప్పుడు కింద ఆనుకుని పెట్టెలను మోసింది.

ఆ ఏడాది శరత్కాలానికల్లా సరస్సు చుట్టూ రైలుదారి తెరిచారు. ఓడకు పని తగ్గింది. 1918 అంతర్యుద్ధంలో మైసొవాయా రేవు దగ్గర కాలిపోయింది. దాని తోడు ఓడ, న్యూకాసిల్‌లోనే తయారైన 'అంగారా', ఇప్పటికీ ఇర్కుట్స్క్‌లో మ్యూజియంగా ఉంది.