పరిశ్రమల బీమాకు గిరి గీసిన 1992 సవరణ

సంగారెడ్డి జిల్లా పాశమైలారంలోని సిగాచీ పరిశ్రమలో 2025 జూన్ 30న జరిగిన పేలుడు 50 మందికి పైగా కార్మికులను బలిగొన్న తరువాత ఒక పాత ప్రశ్న మళ్లీ ముందుకు వచ్చింది. ప్రమాదకర రసాయనాలను వాడే కర్మాగారాలకు బీమా తప్పనిసరి అయినప్పుడు, ప్రతి దుర్ఘటన తరువాతా కుటుంబానికి కోటి రూపాయలంటూ ముఖ్యమంత్రులే ఎందుకు ప్రకటించవలసి వస్తోంది? బీమా సొమ్ము ఎక్కడికి పోతోంది?

పాశమైలారం వరకు జవాబు తేలికే. 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం కర్మాగారంలోని కార్మికులకు వర్తించదు. వారి దారి కార్మిక పరిహార చట్టాలు, ఈఎస్ఐ. ఈ చట్టం చూసేది గోడకు అవతల ఉన్నవారిని. కాబట్టి దీనికి అసలు పరీక్ష 2020 మే 7న విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎదురైంది. ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి వెలువడిన స్టైరీన్ ఆవిరి ఆ తెల్లవారుజామున ఇళ్లలో నిద్రపోతున్నవారిని కమ్మేసింది. కనీసం 12 మంది మరణించారు.

చట్టంలోని పట్టిక ప్రకారం అప్పట్లో ఒక మరణానికి లభించే సహాయం 25,000 రూపాయలు, వైద్య ఖర్చులుంటే అదనంగా 12,500 రూపాయల వరకు. అంటే వైద్య ఖర్చులు పక్కన పెడితే 12 మంది ప్రాణాలకు మొత్తం 3 లక్షలు. ఆస్తి నష్టానికి పరిమితి 6,000 రూపాయలు. వెంకటాపురం కుటుంబాలకు అందిన కోటి రూపాయలు రాష్ట్ర ఖజానావి. మరునాడే జాతీయ హరిత ట్రైబ్యునల్ కంపెనీని జమ చేయమన్న 50 కోట్లు ట్రైబ్యునల్ సొంత చట్టం కింద విధించినవి. బీమా చట్టం పేరు ఈ వ్యవహారంలో పెద్దగా వినిపించకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు.

ఈ స్థితికి 1984 నాటి భోపాల్ విషవాయువు దుర్ఘటనను కారణంగా చూపడం పరిపాటి. భోపాల్ వల్ల చట్టం పుట్టిన మాట నిజమే కానీ, దాన్ని ఇలా కుదించిన ఘట్టం మాత్రం 1992 జనవరిలో ఉంది. ఢిల్లీలోని శ్రీరామ్ కర్మాగారం నుంచి ఓలియం అనే ఘాటైన ఆమ్లం వాయువు లీకైన కేసులో 1986 డిసెంబరులో సుప్రీంకోర్టు, ప్రమాదకర వ్యాపారం చేసే సంస్థకు ఏ మినహాయింపూ లేని సంపూర్ణ బాధ్యత ఉంటుందని, సంస్థ ఎంత పెద్దదైతే పరిహారం అంత ఎక్కువగా ఉండాలని తీర్పు చెప్పింది. 1991లో వచ్చిన చట్టం తప్పు ఎవరిదన్న విచారణ లేకుండానే కలెక్టర్ ద్వారా తక్షణ సహాయం ఇప్పించాలని, అందుకోసం యజమాని ముందుగానే పాలసీ తీసుకోవాలని చెప్పింది. పాలసీ మొత్తానికి పైపరిమితి ఏదీ పెట్టలేదు.

అక్కడే బీమా సంస్థలు అడ్డం తిరిగాయి. హద్దులేని బాధ్యతకు పాలసీ ఇవ్వడానికి దేశీయ, అంతర్జాతీయ బీమా రంగం ఒప్పుకోవడం లేదని ప్రభుత్వమే చెప్పి, ముందు ఆర్డినెన్సుతో, ఆపైన సవరణ చట్టంతో వెనక్కు తగ్గింది. అప్పటికి సాధారణ బీమా అంతా జాతీయం చేసిన నాలుగు కంపెనీల చేతిలోనే ఉందని గుర్తుంచుకోవాలి. ప్రభుత్వం రాసిన చట్టాన్ని ప్రభుత్వ కంపెనీలే మోయలేమన్నాయి. సవరణ తరువాత పాలసీ కనీస మొత్తం వాటాదారులు చెల్లించిన మూలధనం, అంటే సంస్థ పెయిడప్ క్యాపిటల్‌కు ముడిపడింది, పైపరిమితి 50 కోట్లను మించకూడదన్నారు. నిబంధనల్లో అది ఇంకా తగ్గి ఒక ప్రమాదానికి 5 కోట్లు, ఏడాదికి 15 కోట్ల వద్ద నిలిచింది. ట్యాంకులో ఎన్ని టన్నుల రసాయనం ఉందన్నదానికీ వాటాదారులు ఎంత మూలధనం పెట్టారన్నదానికీ సంబంధమేమిటో ఎవరూ వివరించలేదు.

భోపాల్ వంటి ఘటనలో వేల మరణాలకు, లక్షల మంది గాయాలకు ఒకేసారి చెల్లించవలసి వస్తే ఏ కంపెనీ నిలదొక్కుకోలేదని, విదేశీ రీఇన్సూరెన్సు (బీమా కంపెనీ తన భారాన్ని పంచుకోవడానికి తీసుకునే బీమా) లేకుండా అంతటి భారం ఎత్తుకోలేమని బీమా వర్గాల వాదన. దాన్ని తోసిపుచ్చలేము. అయితే 25,000 చొప్పున లెక్క వేస్తే 5 కోట్ల పరిమితి చేరడానికి 2,000 మంది చనిపోవాలి. తలసరి సహాయాన్ని పట్టికే అంతగా బిగించినప్పుడు పైన మరో మూత ఎవరి కోసమో అర్థం చేసుకోవడం కష్టం కాదు. మోటారు వాహనాల చట్టం కూడా 1988లో తప్పుతో నిమిత్తం లేని పరిహారాన్ని మరణానికి 25,000గానే మొదలుపెట్టింది, 1994లో దాన్ని 50,000 చేశారు. కర్మాగారం చంపితే ఇచ్చే మొత్తం మాత్రం మూడు దశాబ్దాలకు పైగా కదలలేదు.

పరిమితి దాటిన భారం కోసమే సవరణలో పర్యావరణ సహాయ నిధిని చేర్చారు. ప్రీమియంతో సమానమైన మొత్తాన్ని యజమానులు దానికి కట్టాలి. పాలసీ చాలకపోతే నిధి, అదీ చాలకపోతే యజమాని చెల్లించాలి. ఆ నిధిని నడిపే పథకాన్ని 2008 నవంబరులో గానీ నోటిఫై చేయలేదు. యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్ చేతిలో వందల కోట్లు పోగుపడ్డాయి కానీ, బాధితులకు అందింది లేదన్న విమర్శ హరిత ట్రైబ్యునల్ ముందుకూ వెళ్లింది.

ఇక నెమ్మదిగా పాకే కాలుష్యానికి ఈ బీమాలో చోటే లేదు. చట్టం ప్రకారం ప్రమాదం జరగాలి. పటాన్‌చెరు వైపు నక్కవాగులోకి ఏళ్ల తరబడి చేరిన రసాయన వ్యర్థాలు పొలాలను పాడు చేస్తే దాన్ని ప్రమాదం అనరు. ఆ రైతుల వ్యాజ్యం 1990లో సుప్రీంకోర్టులో మొదలై 2001లో హైకోర్టుకు బదిలీ అయింది. కంపెనీలు స్వచ్ఛందంగా కొనే మామూలు లయబిలిటీ పాలసీలు కూడా హఠాత్తుగా జరిగినదాన్ని మినహాయిస్తే కాలుష్యాన్ని బయటే ఉంచుతాయి.

2023లో జన్ విశ్వాస్ చట్టం పాలసీ తీసుకోని యజమానికి ఉన్న జైలు శిక్షను తొలగించి జరిమానాతో సరిపెట్టింది. 2024 చివర్లో నిబంధనలు సవరించి సహాయ మొత్తాలను, బీమా పరిమితిని గణనీయంగా పెంచారు. అప్పటికి వెంకటాపురం ఘటన జరిగి నాలుగేళ్లు దాటింది. కలెక్టర్‌కు దరఖాస్తు చేసుకోవడానికి చట్టం ఇచ్చే గడువు ప్రమాదం నాటి నుంచి ఐదేళ్లు. ఆ ఊరికి సంబంధించి అది పాశమైలారం పేలుడుకు రెండు నెలల ముందే, 2025 మే నెలలో ముగిసిపోయింది.