పగడాల ట్యాంకుకు ఏ లైటు? టీ5, మెటల్ హెలైడ్, ఎల్ఈడీ: అపోహలు – వాస్తవాలు

కింద ఇచ్చిన లెక్కలన్నీ నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న ట్యాంకుకి, అంటే సుమారు 450 లీటర్లకి. మన దేశంలో గట్టి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. కాబట్టి అక్రోపోరా (కొమ్మల్లా పెరిగే గట్టి పగడం), హ్యామర్, టార్చ్ లాంటి గట్టి పగడాల గురించి రాసింది ముఖ్యంగా విదేశాల్లో పెంచుతున్న మనవాళ్లకు.

అపోహ: లీటరుకి ఇన్ని వాట్లుంటే చాలు.

వాట్లు చెప్పేది లైటు ఎంత కరెంటు తింటుందనే. పగడం దాకా ఎంత వెలుతురు చేరిందో వాటిలో తెలీదు. ఫ్లోరసెంట్ ట్యూబులే దిక్కైన రోజుల్లో పుట్టిన లెక్క అది. చూడాల్సింది పార్: 400–700 నానోమీటర్ల మధ్య వెలుతురు చదరపు మీటరు మీద సెకనుకి ఎన్ని మైక్రోమోల్స్ పడుతోంది అన్నది. మష్రూమ్, జోవా రకం పగడాలకు 50–100 సరిపోతుంది. హ్యామర్, టార్చ్ లాంటివాటికి 80–150 కావాలి, అక్రోపోరాకు 200–350. ఒకే ట్యాంకులో ఇసుక మీద 80, రాతి కొన మీద 300 ఉండటం మామూలే. అందుకే కొత్త లైటు కొనే ముందు పగడం చోటు మార్చి చూడండి.

లక్స్ మీటరు ఈ పనికి రాదు. లక్స్ మనిషి కంటి లెక్క, మన కంటికి పచ్చరంగు ఎక్కువగా, నీలం తక్కువగా ఆనుతుంది. పగడాల ట్యాంకు లైట్లలో ఉండేది చాలావరకు నీలమే. నీళ్లలో ముంచే పార్ మీటరు ఖరీదెక్కువ కాబట్టి నలుగురు కలిసి కొనుక్కోవడం మేలు. పంపులు నడుస్తుండగానే కొలవండి. సెన్సర్ ముఖం నిటారుగా పైకి ఉండాలి. పైన, మధ్యలో, ఇసుక మీద, మూడు లోతుల్లోనూ నాలుగు మూలలు, నడిమి భాగం చూస్తే 15 అంకెలొస్తాయి. అలల వల్ల అంకె ఎగురుతుంటుంది, పది సెకన్లు చూసి సగటు రాసుకోండి.

అపోహ: ఎల్ఈడీ కింద అక్రోపోరా పెరగదు.

పెరుగుతుంది. చిక్కు నీడతోనే వస్తుంది. ఎల్ఈడీ వెలుతురు చిన్న చోటు నుంచి సూటిగా దిగుతుంది కాబట్టి గుబురు కొమ్మల కింద చీకటి పడుతుంది. టీ5 అనే సన్నటి ఫ్లోరసెంట్ ట్యూబు ట్యాంకు పొడవునా పరుచుకుని వెలిగిస్తుంది, అందుకే దాని కింద నీడలు తక్కువ. రెండు ఎల్ఈడీ లైట్లతో సరిపెట్టి వాటినే నూరు శాతానికి తిప్పడం కన్నా, మూడు పెట్టి 60 శాతంలో నడపడం నయం. నీటి మట్టానికి 10–12 అంగుళాల ఎత్తులో కట్టండి. ఉన్న ఎల్ఈడీలకు అటూ ఇటూ 54 వాట్ల టీ5 ట్యూబులు రెండేసి తగిలించినా నీడలు విరుగుతాయి. గుబురు అక్రోపోరాకు మా ఓటు ఈ రెండో పద్ధతికే.

చవక బ్లాక్ బాక్స్ ఎల్ఈడీల మీద 165 వాట్లని ఉంటుంది. ప్లగ్ దగ్గర కొలిస్తే సుమారు 110–120 కనిపిస్తుంది. అయినా సాఫ్ట్ కోరల్స్‌కి దండిగా సరిపోతాయి.

అపోహ: ఎల్ఈడీ పెడితే చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) అక్కర్లేదు.

మెటల్ హెలైడ్ బల్బు పరారుణ వేడిని నేరుగా నీళ్లలోకి దింపుతుంది, ఎల్ఈడీ వేడి హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు భాగం) మీదుగా గదిలోకి పోతుంది. రెండు 250 వాట్ల హెలైడ్లు 8 గంటలు వెలిగితే రోజుకి 4 యూనిట్లు, 250 వాట్ల ఎల్ఈడీ అయితే 2. ఆదా నిజమే. కానీ మే నెలలో విజయవాడలో ఏసీ లేని గది 36 డిగ్రీలుంటే నీటిని 26 దగ్గర నిలపడానికి ఏ లైటైనా చిల్లర్ తప్పదు.

అపోహ: ట్యూబు వెలుగుతోందంటే బాగున్నట్టే.

టీ5 ట్యూబు 9–12 నెలలకు మార్చాలి. కంటికి తేడా కనపడకపోయినా అప్పటికి పార్ పడిపోయి ఉంటుంది. అన్నీ ఒకేరోజు మార్చకండి, వారానికొకటి చొప్పున మార్చండి. లేదంటే వెలుతురు ఒక్కసారిగా పెరిగి పగడాలు తెల్లబడతాయి. ఎల్ఈడీ లెన్సు మీద, టీ5 రిఫ్లెక్టర్ మీద పేరుకున్న ఉప్పు కూడా వెలుతురు తినేస్తుంది. వారానికోసారి లైటు ఆపి, చల్లారాక ఆర్‌ఓ నీళ్లతో తడిపిన గుడ్డతో తుడవండి.

అపోహ: వెలుతురు ఎంత ఎక్కువైతే రంగు అంత బాగా వస్తుంది.

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. పగడం కణజాలంలో ఉండే జూజాంథెల్లే అనే శైవలాలు దానికి తిండి పెడతాయి. వెలుతురు హద్దు దాటితే పగడం వాటిని బయటికి తోసేసి తెల్లబడుతుంది. పైభాగం, లైటు వైపు తిరిగిన పక్క ముందు పాలిపోతే వెలుతురు ఎక్కువైందని అనుమానించండి. కొమ్మల మొదట్లో కణజాలం ఊడి తెల్లటి అస్థిపంజరం బయటపడుతుంటే నీడనో, నీటి ఆల్కలినిటీ (క్షారత్వం) ఊగిసలాటనో చూడాలి. అప్పుడు లైటు ఇంకా పెంచితే పైభాగం కూడా పోతుంది. గోధుమరంగుకు తిరిగితే వెలుతురు చాలకో, నైట్రేట్, ఫాస్ఫేట్ ఎక్కువయ్యో అయి ఉంటుంది.

టీ5 నుంచి ఎల్ఈడీకి మారుతుంటే ముందు పాత పార్ అంకెకే కొత్తదాన్ని సర్దండి. మీటరు లేకపోతే 40 శాతంతో మొదలుపెట్టి వారానికి 5 శాతం పెంచండి. కొత్త పగడాన్ని వారం రోజులు ఇసుక మీద ఉంచి, తర్వాత రెండు మూడు వారాల్లో మెల్లగా పైకి జరపండి. 300 పార్ 8 గంటలైనా, 240 పార్ 10 గంటలైనా రోజు మొత్తానికి అందేది ఒకటే, కాబట్టి లైటు బలం చాలకపోతే గంటలు కాస్త పెంచవచ్చు.

అపోహ: నీలం లైటు అందానికే.

జూజాంథెల్లే బాగా పీల్చుకునే వెలుతురులో పెద్ద భాగం నీలమే, పగడాలు ధగధగలాడేదీ దాని కిందే. తెలుపు ఎక్కువగా మనకోసం.

అపోహ: నాచు రావడానికి లైటే కారణం.

లైటు తగ్గిస్తే నాచు కొంత మందగిస్తుంది, పగడాలూ ఆకలితో మాడతాయి. ముందు ఫాస్ఫేట్ టెస్టు చేయండి.

అపోహ: హెలైడ్ ముందున్న అద్దం నీళ్లు చిందకుండా ఉండటానికే.

రెండు వైపులా పిన్నులుండే హెలైడ్ బల్బు నుంచి అతినీలలోహిత కిరణాలు వస్తాయి, ఆ అద్దం వాటిని ఆపుతుంది. అది పగిలితే పగడాలు కాలిపోతాయి, మీ కళ్లకూ ప్రమాదమే. కొత్త అద్దం బిగించేదాకా ఆ లైటు వేయకండి.