స్పోర్ట్స్ కారుతో తొలిసారి రేస్ ట్రాక్ మీదికి: అపోహలు, వాస్తవాలు

చెన్నై–బెంగళూరు హైవే మీద, శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఉంది. పొడవు 3.717 కిలోమీటర్లు, మలుపులు 12. తిరుపతి, నెల్లూరు వైపు నుంచి ఒక పూటలో చేరుకోవచ్చు. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ ఇంకా పెద్దది, 5.125 కిలోమీటర్లు. 2011 నుంచి 2013 దాకా ఫార్ములా 1 జరిగింది అక్కడే. ఇలాంటి చోట్ల ట్రాక్ డే, అంటే ఎవరి కారును వాళ్లు ట్రాక్ మీద నడుపుకునే రోజు, పెడితే సొంత కారుతో వచ్చే ఔత్సాహికులు ఉంటారు. చాలామంది తమ కారు గురించి బాగా చదువుకునే వస్తారు, కాకపోతే చదివింది ఎక్కువగా ఇంజన్ గురించే. ట్రాక్ మీద ఇంజన్ కన్నా ముందు బ్రేకులు, టైర్లు, డ్రైవర్ అలసిపోతారు. ఎక్కువ అపోహలు పుట్టేది అక్కడే.

అపోహ: హార్స్‌పవర్ ఎంత ఉంటే అంత మజా.

వాస్తవం: కారుకూ నేలకూ మధ్య ఉండేది నాలుగు టైర్ల కింద ఒక్కోటి అరచేయంత రబ్బరు. వేగం పెంచినా, ఆపినా, తిప్పినా ఆ నాలుగు అరచేతుల పట్టులోంచే ఖర్చవుతుంది. 600 హెచ్‌పీ కారు స్ట్రెయిట్ (మలుపుల్లేని నేరు దారి) చివరికి 200 హెచ్‌పీ కారు కన్నా చాలా వేగంగా చేరుతుంది. అక్కడ కొత్త డ్రైవర్‌కు ఆలోచించే వ్యవధి తక్కువ, బ్రేకులకు పని ఎక్కువ. తేలికైన కారులో తప్పు చేస్తే టైర్లు ముందే కీచుమంటాయి, సరిదిద్దుకునే సమయం దొరుకుతుంది. మాజ్దా ఎంఎక్స్-5 లాంటి కారు, వెయ్యి కిలోలకు కాస్త పైన బరువుతో, రెండు వందల లోపు హార్స్‌పవర్‌తో, నేర్చుకునేవాళ్లకు అంత ఇష్టం కావడానికి కారణం ఇదే. మీది ఇప్పటికే పెద్ద కారైతే మొదటి సెషన్‌లో యాక్సిలరేటర్‌ను సగం మించి తొక్కకండి, మలుపుల్లో ఒక గేరు పైనే ఉంచండి.

అపోహ: స్పోర్ట్స్ కారు కదా, కంపెనీ బ్రేకులు ట్రాక్‌కు సరిపోతాయి.

వాస్తవం: ఒక చిన్న లెక్క. 1,500 కిలోల కారును గంటకు 200 కిలోమీటర్ల నుంచి 80కి తగ్గించాలంటే పోగొట్టాల్సిన శక్తి సుమారు 19 లక్షల జౌల్స్. గది వేడి మీదున్న ఆరు లీటర్ల నీళ్లను మరిగించడానికి దాదాపు అంతే కావాలి. గాలి నిరోధం మోసేది కొంతే. మిగతాదంతా నాలుగు సెకన్లలోపు నాలుగు డిస్కుల్లోకి ఎక్కుతుంది. మళ్లీ ఇంకో మలుపు దగ్గర, మళ్లీ వచ్చే ల్యాప్‌లో. హైవే మీద ఏడాది పొడుగునా ఎంత గట్టిగా బ్రేకు వేసినా ఈ వరస రాదు.

ఇక్కడ చెడిపోయేవి రెండు. వాటి లక్షణాలు వేరు, విరుగుడూ వేరు. పెడల్ గట్టిగానే ఉండి కారు మాత్రం ఆగకుండా జారుతున్నట్టుంటే, డిస్కును ఒత్తి పట్టే బ్రేక్ ప్యాడ్లు తమ హద్దు దాటి వేడెక్కాయి. చల్లారితే కొంత కోలుకుంటాయి, కానీ ఆ ప్యాడ్లతో ఆ వేగం వద్దు. పెడల్ మెత్తబడి నేల దాకా దిగిపోతుంటే బ్రేక్ ఆయిల్ మరిగింది. ద్రవాన్ని నొక్కితే ఒత్తిడి పుడుతుంది, ఆవిరి బుడగను నొక్కితే అది ముడుచుకుంటుందంతే. ఇది చాలా ప్రమాదం. అప్పుడు పెడల్‌ను వెంటవెంటనే రెండు మూడుసార్లు తొక్కి ఎంతో కొంత ఒత్తిడి తెచ్చుకుని, గేర్లు తగ్గిస్తూ, చెయ్యి ఊపి వెనకవాళ్లకు తెలిపి, పక్కకు తప్పుకోవాలి.

బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 5.1కు ఇవే అంకెలు 260, 180. అందుకే సముద్ర తీరపు ఊళ్లలో రెండేళ్లుగా మార్చని ఆయిల్‌తో ట్రాక్‌కు రావద్దని గట్టిగా చెబుతాం. వచ్చే ముందు పాతది పూర్తిగా తీయించి కొత్త డాట్ 4 లేదా 5.1 పోయించండి, గాలి బుడగలు లేకుండా బ్లీడ్ చేయించండి. పేరు దగ్గరగా ఉందని డాట్ 5 పోయకండి. అది సిలికాన్ రకం, మిగతావాటితో కలవదు. ప్యాడ్ మందం సగం కన్నా తగ్గి ఉంటే మార్చేయండి. పలచబడిన ప్యాడ్ వేడిని ఆపలేదు, నేరుగా పిస్టన్‌కు, ఆయిల్‌కు పంపిస్తుంది.

సెషన్ చివరి ల్యాప్‌ను బ్రేకులు దాదాపు వాడకుండా, పై గేరులో, నెమ్మదిగా పూర్తి చేయాలి. గాలి తగిలితేనే డిస్కులు చల్లారతాయి. పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆగే చోటికి, వచ్చాక హ్యాండ్‌బ్రేక్ లాగకండి. కాలుతున్న డిస్కును ప్యాడ్ ఒకే చోట పట్టుకుంటే ఆ పదార్థం అక్కడ అంటుకుపోతుంది. తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది. డిస్కు వంగిందని డిస్కులు మార్పించేవాళ్లను చూస్తుంటాం, చాలాసార్లు కారణం ఈ మరకే. ఫస్ట్ గేరులో ఉంచండి, ఆటోమేటిక్ అయితే పీలో పెట్టండి, చక్రం కింద దిమ్మ పెట్టండి. కొన్ని కార్లలో ఇంజన్ ఆపగానే ఎలక్ట్రానిక్ హ్యాండ్‌బ్రేక్ తనంతట తానే పడుతుంది. దాన్ని ఎలా ఆపాలో ముందే మాన్యువల్‌లో చూసుకోండి.

అపోహ: ట్రాక్‌కు టైరులో గాలి ఎక్కువ పెట్టించాలి.

వాస్తవం: గాలి దానంతట అదే పెరుగుతుంది. ఉదయం 30 డిగ్రీల దగ్గర 32 పీఎస్‌ఐ పెట్టిన టైరు లోపలి గాలి 70 డిగ్రీలకు చేరితే మీటరు 38 చూపిస్తుంది. అంతకంటే పెరిగితే టైరు మధ్యభాగం ఉబ్బి అంచులు నేలను సరిగ్గా తాకవు. కారు జారినట్టు అనిపిస్తే కొత్తవాళ్లు తమ నైపుణ్యాన్ని తప్పుపట్టుకుంటారు, చూడాల్సింది ముందు మీటరు. చల్లగా ఉన్నప్పుడు కంపెనీ చెప్పిన అంకెతో మొదలుపెట్టండి. మూడు నాలుగు ల్యాపులయ్యాక పిట్‌లోకి వచ్చి, వెంటనే నాలుగింటినీ కొలిచి, కాగితం మీద రాసుకుని, కావాల్సినంత వదలండి. వేడి మీద 34కు వదిలిన టైరు చల్లారాక 28కి దిగుతుంది, అది గుర్తుంచుకోండి. సొంత మీటరు తెచ్చుకోండి. పెట్రోలు బంకుల్లోని మీటర్లు ఒకదానికొకటి సరిపోవు.

టైరు పక్కన ఒక చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి. 3522 అంటే 2022లో 35వ వారం తయారైందని. గ్యారేజీలో కదలకుండా ఆరేళ్లు గడిపిన టైరుకు గాట్లు నిండుగా ఉన్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది. దాన్ని నమ్మవద్దు.

అపోహ: ఆఖరి క్షణంలో బ్రేకు వేసేవాడే వేగంగా వెళ్తాడు.

వాస్తవం: పట్టును నూరు రూపాయలనుకోండి. మొత్తం బ్రేకుకే ఖర్చు చేస్తే స్టీరింగ్ తిప్పడానికి చేతిలో ఏమీ ఉండదు, ముందు టైర్లు నేరుగా జారిపోతాయి. ఆలస్యంగా బ్రేకు వేసి సంపాదించింది ఒక కారు పొడవు. మలుపులోంచి పది కిలోమీటర్ల తక్కువ వేగంతో బయటపడితే ఆ లోటు తర్వాతి స్ట్రెయిట్ అంతా వెంటాడుతుంది. కొత్తవాళ్లకు క్రమం ఇది: కారు నిటారుగా ఉండగానే బ్రేకు పూర్తి చేయండి, గేరు తగ్గించండి, తర్వాత తిప్పండి, మలుపు లోపలి అంచు తాకాక స్టీరింగ్ విప్పుతున్న కొద్దీ యాక్సిలరేటర్ పెంచండి. ట్రాక్ పక్కన దూరం చూపే పలకలుంటే మొదట అన్నిటికన్నా దూరపు పలక దగ్గరే బ్రేకు వేయండి, కుదురుకున్నాక ఐదేసి మీటర్లు జరపండి. బ్రేకును మెల్లగా మొదలుపెట్టి గట్టిగా ముగించడం కొత్తవాళ్ల అలవాటు. చేయాల్సింది తలకిందులు: మొదట గట్టిగా, చివర మెల్లగా వదలడం. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న కారులో పెడల్‌ను కొట్టి కొట్టి వదలనవసరం లేదు, పాదం కింద అదురు వచ్చినా నొక్కే ఉంచండి.

చూపు ఎక్కడుంటే చెయ్యి అటే వెళ్తుంది. బ్రేకు వేస్తున్నప్పుడే మలుపు లోపలి అంచు చూడాలి, అక్కడికి చేరేలోపే బయటికి వెళ్లే దారి చూడాలి. ఎదురుగా ఉన్న గోడనే చూస్తే గోడ వైపే పోతారు.

అపోహ: మలుపులో భయమేస్తే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తే చాలు.

వాస్తవం: కారు గిర్రున తిరిగిపోయే స్పిన్నుల్లో చాలావాటికి కారణం సరిగ్గా ఇదే. కాలు ఒక్కసారిగా తీస్తే బరువు ముందుకు వాలుతుంది, వెనక టైర్లు తేలికపడి పట్టు వదులుతాయి, తోక తిరుగుతుంది. పోర్షే 911లో ఇంజన్ వెనక ఇరుసుకు కూడా వెనకే ఉంటుంది. అంత బరువు ఒకసారి ఊగడం మొదలుపెడితే ఆపడం కష్టం. వేగం ఎక్కువైందనిపిస్తే కాలు కొద్దికొద్దిగా తీయండి, స్టీరింగ్ మరింత తిప్పకుండా ఉన్నచోటే పట్టుకోండి. ఇక రోడ్డు సరిపోదని తేలితే స్టీరింగ్ నిటారుగా చేసి నేరుగా మట్టిలోకి వెళ్లిపోండి. రెండు చక్రాలు మట్టిలో, రెండు తారు మీద ఉండగా స్టీరింగ్ గట్టిగా లాగితే కారు పల్టీ కొట్టే ప్రమాదం ఉంది. స్పిన్ మొదలైతే క్లచ్, బ్రేకు రెండూ నేలకు తొక్కిపెట్టి కదలకుండా ఉండండి. అప్పుడు కారు ఒకే దారిలో జారుతుంది, వెనక వచ్చేవాళ్లు తప్పించుకోగలుగుతారు.

అపోహ: స్టెబిలిటీ కంట్రోల్ ఆపేస్తేనే అసలు డ్రైవింగ్.

వాస్తవం: కారు జారిపోకుండా కాపాడే ఈ వ్యవస్థను ఆన్‌లోనే ఉంచండి. డాష్‌బోర్డులో దాని పసుపు దీపం ప్రతి మలుపులో మినుకుమంటుంటే మీ కాలో చెయ్యో మొరటుగా ఉందని అర్థం. దీపం వెలగకుండా రోజంతా నడపగలిగిన రోజు స్పోర్ట్ మోడ్ గురించి ఆలోచించవచ్చు. స్టెబిలిటీ కంట్రోల్ పనిచేసేది విడివిడిగా చక్రాలకు బ్రేకు వేసి, కాబట్టి దీపం ఆగకుండా వెలుగుతుంటే వెనక బ్రేకులు ఊరికే కాగుతాయి.

మాన్యువల్ గేరే వేగమన్నది కూడా అపోహే. 2008లో పోర్షే 911కు పీడీకే అనే రెండు క్లచ్‌ల గేరుబాక్సు వచ్చినప్పటి నుంచి ఆ రకం మనిషి చేతి కన్నా ముందుంటోంది. మాన్యువల్ ఇచ్చే ఆనందం నిజమే, కానీ మొదటి ట్రాక్ డేకి స్టీరింగ్ దగ్గరే గేరు మార్చే ప్యాడిల్స్ ఉంటే మనసు బ్రేకు మీద, చూపు మీద పెట్టొచ్చు.

ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు పోస్తే పవర్ పెరుగుతుందనుకోవడం సగమే నిజం. ఆక్టేన్ అంటే నాకింగ్‌ను, అంటే పెట్రోలు ఇంజన్‌లో అదుపు తప్పి మండడాన్ని, తట్టుకునే గుణం. 95 లేదా 98 కావాలని రాసిన టర్బో ఇంజన్‌లో మామూలు పెట్రోలు పోస్తే కంప్యూటర్ పవర్ తగ్గిస్తుంది, సరైనది పోస్తే రావాల్సింది వస్తుంది. 91కి తయారైన ఇంజన్‌లో 100 పోసినా ఒరిగేదేమీ లేదు. అన్నట్టు, ట్రాక్ మీద లీటరుకు రెండు మూడు కిలోమీటర్లే వస్తుంది. ట్యాంకు పావుకన్నా తగ్గితే మలుపుల్లో పెట్రోలు పక్కకు ఒరిగి ఇంజన్ తడబడుతుంది.

అపోహ: బైకు హెల్మెట్ చాలు.

వాస్తవం: నిర్వాహకులు ఒప్పుకుంటారేమో గానీ, కార్ల కోసం స్నెల్ ఎస్ఏ2020 లాంటి ప్రమాణం వేరే ఉంది. ఆ హెల్మెట్ లోపలి గుడ్డ మంటను తట్టుకోవాలి, ఇనుప కడ్డీకి తల తగిలే దెబ్బనూ తట్టుకోవాలి. బైకు హెల్మెట్‌కు మంట పరీక్ష ఉండదు. పాలిస్టర్ టీషర్టు కాకుండా నిండు చేతుల నూలు చొక్కా, పలచటి అడుగున్న బూట్లు వేసుకోండి. హెల్మెట్ పెట్టుకున్నాకే సీటు సర్దుకోండి: వీపు ఆనించి ఉండగా మణికట్టు స్టీరింగ్ పైఅంచుకు తగలాలి, బ్రేకు పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి.

అపోహ: ట్రాక్ దాకా ఎందుకు, తెల్లవారుజామున ఔటర్ ఖాళీగానే ఉంటుంది.

వాస్తవం: హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు, గరిష్ఠ వేగం గంటకు 120. అక్కడ ట్రాక్ పక్కన నిలబడి హెచ్చరించే మార్షల్ ఉండడు, అతని జెండా ఉండదు, మలుపు అవతల ఆగిన లారీ గురించి చెప్పేవాడుండడు. హుస్సేన్ సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల) రేసు జరిపినప్పుడు అక్కడి నగర రోడ్డును మూసేసి, గోడలు, కంచెలు కట్టాల్సి వచ్చింది. రోడ్డు మీద పందేలకు మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద జైలు శిక్ష కూడా ఉంది. ఇంకో మాట: మామూలు కారు ఇన్సూరెన్స్ పాలసీలో రేసింగ్, స్పీడ్ టెస్టింగ్‌లకు వర్తించదని రాసి ఉంటుంది. ట్రాక్ మీద గోడకు తగిలితే ఖర్చు మీదే అనుకుని, భరించగలిగిన కారునే తీసుకురండి.

అపోహ: ఆఖరి సెషన్ అయిపోయాక ఇక పనేమీ లేదు.

వాస్తవం: ఇంటికి వెళ్లాల్సిందీ ఆ కారులోనే. గంటసేపు చల్లారనిచ్చి టైర్లలో గాలిని రోడ్డు అంకెకు నింపండి. వీల్ నట్లను మాన్యువల్‌లో ఉన్న న్యూటన్ మీటర్లకు టార్క్ రెంచ్‌తో బిగించండి. ఇదే పని మొదటి సెషన్ తర్వాత కూడా చేయాలి, వేడికి చక్రం, బోల్టు వేర్వేరుగా వ్యాకోచించి పట్టు సడలుతుంది. ప్యాడ్లను చక్రం సందులోంచి టార్చి వేసి చూడండి, టైరు అంచుల్లో తీగ బయటపడిందేమో చేత్తో తడమండి, ఇంజనాయిల్ కొలవండి. కదిలే ముందు బ్రేక్ పెడల్ తొక్కి చూడండి. పొద్దున ఉన్నంత గట్టిగా లేకపోతే హైవే ఎక్కకుండా, కారును ఎక్కించుకుని తీసుకెళ్లే ఫ్లాట్‌బెడ్ లారీని పిలిపించండి.