మేనత్త జబ్బు ఎవరి లెక్కలో?

నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి చెన్నై అడయార్ క్యాన్సర్ ఆసుపత్రికి వచ్చే తెలుగు కుటుంబాలను డాక్టర్లు తప్పకుండా ఒక మాట అడుగుతారు: మీవాళ్లలో ఇంకెవరికైనా ఈ జబ్బు వచ్చిందా? చాలామంది అమ్మ, అమ్మమ్మల వైపే ఆలోచించి లేదంటారు. పెళ్లయి ఎప్పుడో వేరే ఇంటికి వెళ్లిపోయిన మేనత్త గుర్తుకు రాదు. రొమ్ము క్యాన్సర్ ఆడవాళ్ల జబ్బు కాబట్టి తల్లి వైపు నుంచే వస్తుందన్న నమ్మకం అంత గట్టిది. నిజానికి లోపమున్న జన్యువు తండ్రి నుంచి కూడా అంతే సులువుగా వస్తుంది. ఎవరి నుంచి వచ్చినా బిడ్డకు సంక్రమించే అవకాశం సగం.

వంశపారంపర్య క్యాన్సర్ల శాస్త్రం మొదలైంది ప్రయోగశాలలో కాదు, ఇలాంటి వంశవృక్షాల దగ్గరే. 1866లో పారిస్ వైద్యుడు పాల్ బ్రోకా తన భార్య వంశంలో తరతరాలుగా వస్తున్న రొమ్ము క్యాన్సర్‌ను నమోదు చేశారు. అమెరికాలో ఒక కుట్టుపని చేసుకునే మహిళ, తమ ఇంట్లో అందరిలాగే తానూ క్యాన్సర్‌తోనే పోతానని ఆల్డ్రెడ్ వార్తిన్ అనే వైద్యుడితో చెప్పింది, అలాగే చనిపోయింది. ఆ కుటుంబం గురించి ఆయన 1913లో రాశారు. దశాబ్దాల తర్వాత అమెరికా వైద్యుడు హెన్రీ లించ్ అలాంటి కుటుంబాలను పట్టుదలగా వెతికేవరకూ వైద్యలోకం పెద్దగా పట్టించుకోలేదు. వంశపారంపర్యంగా వచ్చే పెద్దపేగు క్యాన్సర్‌లో ప్రధానమైన రకానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది.

1990లో అమెరికా జన్యు శాస్త్రవేత్త మేరీ క్లేర్ కింగ్ బృందం రొమ్ము క్యాన్సర్‌తో ముడిపడిన ఒక జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉందని చూపింది. 1994లో ఆ జన్యువు బీఆర్‌సీఏ1, మరుసటి ఏడాది అలాంటిదే మరో జన్యువు బీఆర్‌సీఏ2 దొరికాయి. దెబ్బతిన్న డీఎన్‌ఏను బాగుచేయడం వీటి పని. 2017లో వెలువడిన పెద్ద అధ్యయనం ప్రకారం, ఈ జన్యువుల్లో లోపమున్న స్త్రీలకు 80 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 70 శాతం. అండాశయ క్యాన్సర్ ముప్పు మొదటి జన్యువుతో 44 శాతం, రెండోదానితో 17 శాతం. అయితే మొత్తం క్యాన్సర్లలో ఇలా వంశపారంపర్యంగా వచ్చేవి పదిలో ఒకటి కూడా మించవు. భయపడేవాళ్లు ఈ అంకెను కూడా పక్కనే పెట్టుకోవాలి.

ఆ తర్వాత వ్యాపారం వచ్చింది. అమెరికాలో ఒకే కంపెనీ ఈ జన్యువులపై పేటెంట్లు పట్టుకుని కూర్చోవడంతో వాటిలో లోపముందో లేదో చూసే పరీక్ష ఖరీదు వేల డాలర్లకు చేరింది. సహజమైన డీఎన్‌ఏకు పేటెంట్ చెల్లదని 2013లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది.

అడయార్ ఆసుపత్రిని 1954లో స్థాపించిన ముత్తులక్ష్మి రెడ్డిని ఆ పనికి కదిలించింది క్యాన్సర్‌తో పోయిన సొంత చెల్లెలు. 2000ల తొలి ఏళ్లలోనే అక్కడి పరిశోధకులు దక్షిణాది రోగుల్లో ఈ రెండు జన్యువులను పరీక్షించారు. ఇప్పటికీ ఒక చిక్కు ఉంది: జన్యు మార్పుల సమాచారం ఎక్కువగా ఐరోపా మూలాలవారిది. అందుకే మనవాళ్ల నివేదికల్లో 'హానికరమో కాదో తేలని మార్పు' అన్న మాట తరచూ కనిపిస్తుంది.

మన కుటుంబాల్లో తప్పక వచ్చే ప్రశ్న మేనరికం. బీఆర్‌సీఏ లోపం ఒక్క వైపు నుంచి వచ్చినా చాలు కాబట్టి, ఈ క్యాన్సర్‌కు మేనరికాన్ని నిందించడం సరికాదు. కాకపోతే భార్యాభర్తలిద్దరిలోనూ బీఆర్‌సీఏ2 లోపం ఉండి, అది రెండు వైపుల నుంచీ బిడ్డకు చేరితే ఫాంకోనీ ఎనీమియా అనే తీవ్రమైన జబ్బు రావచ్చు. దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లలో ఆ ప్రమాదం పెరుగుతుంది.

ఒకరిలో లోపం బయటపడితే మిగతా బంధువులకు జన్యువులోని ఆ ఒక్క చోటు చూస్తే సరిపోతుంది, ఖర్చూ తక్కువే. ఆ సంగతి వాళ్లకు చెప్పాల్సింది మాత్రం సాధారణంగా రోగే. పెళ్లి సంబంధాలు చెడిపోతాయని కూతుళ్లకే చెప్పనివాళ్లు మేనత్త పిల్లలకు ఫోను చేస్తారా? కొడుకులనైతే అసలు పరీక్షకే పంపరు. బీఆర్‌సీఏ2 లోపం వల్ల మగవాళ్లకు ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది, వాళ్ల కూతుళ్లకూ ఆ లోపం వెళ్లొచ్చు.