అపోహలు - వాస్తవాలు: రీఫ్ ట్యాంకులో రాగి ఎక్కువైందా? ముందు వంటింట్లోకి వెళ్లి చూడండి

రీఫ్ ట్యాంకు అంటే పగడాలు, రొయ్యలు, చేపలు పెంచే ఉప్పునీటి అక్వేరియం. దాని నీళ్లలో ఏ లోహం ఎంతుందో ల్యాబ్‌లో కొలిచే ఐసీపీ పరీక్ష రిపోర్టులో ఒక్క ఎర్ర గడి కనబడితే చాలు, అర్ధరాత్రైనా సరే నా ఫోన్ మోగుతుంది. "అన్నా, కాపర్ లీటరుకు 22 మైక్రోగ్రాములు చూపిస్తోంది. నీళ్లన్నీ పారబోసేయనా?" చెన్నైలో మెరైన్ ట్యాంకులు అమర్చి, నెలనెలా వాటిని చూసుకోవడం నా పని. ఇలా టెన్షన్ పడే వాళ్లందరినీ నేను ముందు అడిగేది ఒకటే: టాప్-అప్‌కి, అంటే ఆవిరైన నీటికి బదులుగా, ఏ నీళ్లు పోస్తున్నారు?

అపోహ: "ఇంట్లో ఆర్‌ఓ ఉందిగా, ఆ నీళ్లలో లోహాలెలా ఉంటాయి?"

వాస్తవం: ఉంటాయి. డబ్బులిచ్చి మీరే వేయించుకున్నారు. ఇప్పుడు వంటింటి ప్యూరిఫయర్లలో చాలావాటికి కాపర్ కార్ట్రిడ్జ్ వస్తోంది. అది ఉండేది మెంబ్రేన్ (ఆర్‌ఓలో నీళ్లను వడకట్టే పొర) తర్వాత. మెంబ్రేన్ కష్టపడి శుభ్రం చేసిన నీళ్లలో ఇది మళ్లీ రాగి కలుపుతుంది. మనుషులకు ఇబ్బంది లేదు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు, అంటే 50 మైక్రోగ్రాముల దాకా రాగి ఉండొచ్చు. నడిసముద్రపు నీళ్లలో అర మైక్రోగ్రాము కూడా ఉండదు. మీ జోయాంథస్‌కి (పువ్వులా విచ్చుకునే పగడం లాంటి జీవి), క్లీనర్ రొయ్యకి అలవాటైంది ఆ నీళ్లు.

లెక్క వేసి చూడండి. 300 లీటర్ల ట్యాంకు. మన ఎండలకు, పైన ఫ్యాన్ తిరుగుతుంటే రోజుకు 4 లీటర్లు ఆవిరవుతాయనుకుందాం. పోయేది నీరు మాత్రమే, రాగి ఎక్కడికీ పోదు. పులుసు మరిగేకొద్దీ ఉప్పు ఎక్కువైనట్టే. లీటరుకు 50 మైక్రోగ్రాములున్న నీళ్లు రోజూ 4 లీటర్లు పోస్తే 200 మైక్రోగ్రాములు, నెలకు 6,000. ట్యాంకంతటికీ పంచితే లీటరుకు 20. ఇందులో కొంత రాళ్లూ ఇసుకా పీల్చుకుంటాయి, కానీ తర్వాత మెల్లగా వదులుతాయి కూడా.

"టీడీఎస్ మీటరు పెట్టి చూశాం సార్" అంటారు. నీళ్లలో కరిగినవన్నీ కలిపి చూపే ఆ మీటరుకు 1 పీపీఎం (లీటరుకు ఒక మిల్లీగ్రాము) కన్నా చిన్నది కనబడదు. మనం మాట్లాడుతున్నది 0.05 గురించి. షాపులో దొరికే కాపర్ కిట్టు చేపలకు మందు వేసేటప్పుడు పనికొస్తుంది, ఇంత తక్కువ రాగిని నమ్మకంగా పట్టలేదు. రంగు మారలేదంటే ట్యాంకు బాగున్నట్టు కాదు.

అన్నానగర్‌లో ఒక నెల్లూరు కుటుంబం ఉంది. రొయ్యలు వరసగా చనిపోతున్నాయి, జోయాలు విచ్చుకోవడం లేదు, చేపలు మాత్రం హాయిగా తిరుగుతున్నాయి. అబ్బాయి సాల్ట్ బ్రాండ్ మార్చాడు, లైట్లు మార్చాడు, ఎవరో చెప్పారని ఇసుకంతా తీసేశాడు. చేపలకు ఏమీ కాకుండా రొయ్యలే పోతున్నాయంటే నా అనుమానం నేరుగా రాగి మీదికే వెళ్తుంది. తెల్లమచ్చల జబ్బుకు క్వారంటైన్‌లో (చేపలను విడిగా ఉంచే ట్యాంకులో) లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల రాగి వేస్తాం. చేప తట్టుకుంటుంది, రొయ్య తట్టుకోదు. నేను వంటింట్లో ప్యూరిఫయర్ చూస్తుంటే వాళ్లమ్మగారు కాఫీ ఇస్తూ, "రాగి నీళ్లు ఒంటికి మంచిది కదా బాబూ, చేపలకీ అవే పోస్తున్నాం" అన్నారు. ఆవిడ ప్రేమకు వంక పెట్టలేం. అబ్బాయి మాత్రం తల పట్టుకున్నాడు.

చేయాల్సింది ఇదీ. ట్యాంకుకి విడిగా ఆర్‌ఓ, దాని వెనక డీఐ రెసిన్ (నీళ్లలో ఇంకా మిగిలిన లవణాలను, లోహాలను పట్టే గుళికలు) పెట్టండి, కాపర్, మినరల్ కార్ట్రిడ్జ్‌లు అసలు వద్దు. ట్యాంకర్ నీళ్లో బోరు నీళ్లో అయితే రెసిన్ త్వరగా అయిపోతుంది, ముందే తెచ్చి పెట్టుకోండి. ఆ తర్వాతే ట్యాంకులో రాగిని పట్టే రెసిన్. క్యుప్రిసోర్బ్ లాంటిది నీళ్లు బాగా పారే చోట పెడితే పట్టేకొద్దీ నల్లబడుతుంది. వారం వారం కొద్దికొద్దిగా నీళ్లు మార్చండి. ఒక్కరోజులో అంతా మార్చేస్తే బతికున్నవి ఆ షాక్‌కి పోతాయి. 20 శాతం మారిస్తే 20 కాస్తా 16 అవుతుంది, అంతే. టాప్-అప్‌కి ఆ రాగి నీళ్లే పోస్తుంటే వారానికే మళ్లీ 20 దాటుతుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

"బీచ్ నీళ్లు సహజం కాబట్టి సేఫ్." మురుగు మోసే కూవం, అడయార్ నదులు కలిసేది ఈ తీరంలోనే. ఎన్నూరు వైపు 2017లో, 2023లో సముద్రంలో చమురు కూడా కలిసింది. క్యాన్లు ఇంట్లోనే ఉంచండి.

"స్టెయిన్‌లెస్ స్టీలే, తుప్పు పట్టదు." ఉప్పునీళ్లలో పడుతుంది. క్లిప్పులు, స్క్రూలు, గాజు తుడిచే మాగ్నెట్, పంపు రోటర్ అన్నీ బయటికి తీసి చూడండి. పైపూత పగిలిన మాగ్నెట్‌ని మళ్లీ లోపల పెట్టొద్దు.

"లిథియం కూడా ఎర్రగా ఉంది!" సముద్రంలోనే లీటరుకు సుమారు 180 మైక్రోగ్రాములుంటుంది. మీది 250 అయితే దాని జోలికి పోకండి.

ఈసారి ల్యాబ్‌కి పంపేటప్పుడు ట్యాంకు నీళ్లతో పాటు టాప్-అప్ డబ్బాలోని నీళ్లూ ఇంకో సీసాలో పంపండి. ఆ రెండు రిపోర్టులూ చేతిలో ఉంచుకుని నాకు ఫోన్ చేయండి, పగటిపూట.