లైనక్స్ రియల్‌టైమ్‌ను చివరిదాకా ఆపిన సీరియల్ పోర్టు

2024 సెప్టెంబరులో వియన్నాలో రియల్‌టైమ్ లైనక్స్ పనిని నడిపించిన థామస్ గ్లైక్స్‌నర్ ఒక పుల్ రిక్వెస్టును (తన కోడును చేర్చుకోమనే వినతిని) అచ్చు వేయించి, బంగారు రంగు కాగితంలో చుట్టి, లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ చేతిలో పెట్టాడు. రియల్‌టైమ్ అంటే ఏ పనికైనా నిర్ణీత గడువులోగా స్పందించడం. దాదాపు ఇరవై ఏళ్లు ప్రధాన కెర్నల్‌కు (లైనక్స్ గుండెకాయ లాంటి కోడుకు) బయటే పెరిగిన రియల్‌టైమ్ కోడు అలా లోపలికి వచ్చింది. నవంబరులో విడుదలైన కెర్నల్ 6.12లో అది ఉంది. చిట్టచివరి వరకూ దాన్ని ఆపింది ఏ పని ఎప్పుడు నడవాలో తేల్చే షెడ్యూలర్ కాదు, ప్రింట్‌కె. అంటే కెర్నల్ తన సందేశాలను కన్సోల్‌కు, ముఖ్యంగా సీరియల్ పోర్టుకు, పంపే కోడు. కొన్ని తీగల మీద నడిచే ఈ చిన్న పోర్టు అంత పెద్ద పనికి ఎందుకు అడ్డుపడిందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

1981లో ఐబీఎం పీసీతో వచ్చిన సీరియల్ పోర్టును నడిపే 8250 చిప్పులో, వచ్చిన బైటును దాచుకునే చోటు ఒక్కటే. రెండోది వచ్చేలోగా మొదటిదాన్ని తీసుకోకపోతే అది పోయినట్టే. చిప్పు గడియారం 1.8432 మెగాహెర్ట్జ్, దాన్ని 16తో భాగిస్తే సెకనుకు 1,15,200 బిట్లు, అంటే 87 మైక్రోసెకన్లకొక బైటు. డాస్‌లో ఒకే ప్రోగ్రాము నడిచేది కాబట్టి ఎలాగో గడిచింది. లైనక్స్‌లో ఆ వీలు లేదు. డిస్క్‌ను నడిపే కోడు, అంటే డిస్క్ డ్రైవరు, ఇంటరప్టులను (పరికరాలు ప్రాసెసర్‌ను పిలిచే సంకేతాలను) ఆపి తన పని చూసుకుంటుంటే, ఈలోగా మోడెమ్ నుంచి వచ్చిన అక్షరాలు రాలిపోయేవి. అసలు 1991లో టోర్వాల్డ్స్ రాసుకున్న టెర్మినల్ ప్రోగ్రామే లైనక్స్‌గా ఎదిగింది. మోడెమ్ నుంచి చదివి తెరపై చూపడానికి ఒక పని, కీబోర్డు నుంచి చదివి మోడెమ్‌కు పంపడానికి ఇంకొక పని. అంటే ఈ కెర్నల్ పుట్టిందే సీరియల్ పోర్టు దగ్గర.

తర్వాత 16 బైట్లను వరసగా దాచుకోగల 16550 చిప్పు వచ్చింది. మొదటి చిప్పుల్లో ఆ వరస సరిగా పనిచేయలేదు; 16550ఏలో సరిచేశారు. కాబట్టి ఎదురుగా ఉన్నది ఏ చిప్పో డ్రైవరే తడిమి తెలుసుకోవాలి. పద్నాలుగో బైటుకు ఇంటరప్టు రమ్మంటే మిగిలేది రెండు బైట్ల సందు, అంటే 174 మైక్రోసెకన్లు. డ్రైవరు రాసేవారికి దొరికే గడువు అంతే.

ఆ గడువే డ్రైవరును రెండుగా చీల్చింది: వెంటనే స్పందించే ఇంటరప్టు భాగం, మిగతా పని తర్వాత చేసే తీరిక భాగం. థియోడర్ చో చాలాకాలం చూసుకున్న పాత డ్రైవరులో ఇంటరప్టు భాగం బైట్లను 512 బైట్ల బఫర్‌లో (తాత్కాలిక నిల్వలో) పడేసి తప్పుకునేది. అలాంటివి రెండు, ఒకటి నిండుతుంటే రెండోదాన్ని తీరిక భాగం ఖాళీ చేసేది. ఎకో, లైన్ ఎడిటింగ్, కంట్రోల్-సి లాంటివన్నీ ఆ తర్వాతే. 2006లో అలన్ కాక్స్ ఈ జంట బఫర్లను తీసేసి, అవసరాన్ని బట్టి పెరిగేవాటిని పెట్టాడు.

నా దృష్టిలో అంతకన్నా గొప్ప నిర్ణయం 2002లోది. పీసీలకు భిన్నమైన ఏఆర్ఎం ప్రాసెసర్ల బోర్డులు పెరిగేకొద్దీ ప్రతివారూ పాత పీసీ డ్రైవరును కాపీ కొట్టి, రిజిస్టర్లు (చిప్పులోని చిన్న నిల్వ స్థానాలు) మార్చుకునేవారు. అందులోని తప్పులూ కాపీ అయ్యేవి. రసెల్ కింగ్ అందరికీ ఉమ్మడిగా ఉండే పనిని సీరియల్ కోర్‌లోకి తెచ్చి, పంపడం మొదలుపెట్టు, ఆపు, వేగం మార్చు వంటి చిన్న చిన్న పనులను మాత్రమే చిప్పు డ్రైవరుకు వదిలాడు. ఈనాటికీ కొత్త చిప్పుకు డ్రైవరు రాసేవారు ఆ చట్రంలోనే రాస్తున్నారు.

కన్సోల్ మాత్రం ఈ విభజనకు లొంగలేదు. కెర్నల్ కూలిపోతున్నప్పుడు చివరి మాట బయటపడాలి, దాన్ని తీరిక భాగానికి వాయిదా వేయలేం. అందుకే ప్రింట్‌కె ఇంటరప్టులను ఆపి, ఒక్కో అక్షరం వెళ్లేదాకా కాచుకుని ఉండేది. ఎనభై అక్షరాల వరస 1,15,200 వేగంతో పోవడానికి దాదాపు ఏడు మిల్లీసెకన్లు పడుతుంది. పదుల మైక్రోసెకన్లలో స్పందిస్తానని మాట ఇచ్చే కెర్నల్‌కు అది యుగం.

జాన్ ఓగ్నెస్ ముందుండి ఏళ్లపాటు చేసిన మార్పుల్లో మామూలు సందేశాలను విడి థ్రెడ్ (వేరుగా నడిచే పని) ముద్రిస్తుంది. ప్రమాద సమయంలో మాత్రం ఎక్కువ ప్రాధాన్యం ఉన్న కోడు కన్సోల్‌ను మధ్యలోనే లాక్కోవచ్చు. అయితే ఎక్కడ లాక్కోకూడదో డ్రైవరే చెప్పాలి. ఉదాహరణకు 8250లో వేగం మార్చేటప్పుడు ఒక బిట్ పెడితే, అక్షరం రాసే చిరునామాలోనే వేగాన్ని నిర్ణయించే భాజకం (గడియారాన్ని భాగించే సంఖ్య) ప్రత్యక్షమవుతుంది. సరిగ్గా ఆ క్షణంలో కెర్నల్ కూలి ఎవరైనా అక్షరం రాస్తే, ఆ అక్షరం బయటికి పోదు. పోర్టు వేగమే మారిపోతుంది.