పెదనాన్న అయితే ఇలా అనేవాడు కాదు!

1914 ఆగస్టు 1 సాయంత్రం. మొదటి ప్రపంచ యుద్ధం మొదలవుతున్న వేళ. సైన్య సమీకరణ ఉత్తర్వు మీద జర్మనీ చక్రవర్తి కైజర్ విల్‌హెల్మ్ అప్పుడే సంతకం పెట్టాడు. అంతలో లండన్‌లోని జర్మన్ రాయబారి నుంచి టెలిగ్రాం వచ్చింది. ఫ్రాన్స్ జోలికి వెళ్లకపోతే బ్రిటన్ తటస్థంగా ఉండొచ్చని దాని సారాంశం. కైజర్ ఉప్పొంగిపోయాడు. అలాగైతే సైన్యాన్నంతా రష్యా వైపు తిప్పేయమన్నాడు.

కుదరదన్నాడు సైన్యాధిపతి మోల్ట్కే. 'మీ పెదనాన్న అయితే వేరే జవాబు చెప్పేవాడు' అని దెప్పాడు కైజర్. 1870లో ఫ్రాన్స్‌ను ఓడించిన మోల్ట్కే ఆ పెదనాన్నే. ఆ మాట ఈయనకు బాగా గుచ్చుకుంది.

ఎందుకు కుదరదు? 1894లో రష్యా, ఫ్రాన్స్ జట్టు కట్టాక జర్మనీకి రెండు వైపులా టెన్షనే. దానికి అప్పటి సైన్యాధిపతి ష్లీఫెన్ ఒక లెక్క వేశాడు. రష్యా విశాలమైన దేశం, రైళ్లు తక్కువ, సైన్యం పోగవడానికి వారాలు పడుతుంది. ఆలోగా ఫ్రాన్స్ పని ముగించాలి. సరిహద్దులో వెర్డన్ నుంచి బెల్ఫోర్ట్ దాకా కోటలే కాబట్టి బెల్జియం మీదుగా చుట్టి వెళ్లాలి. బెల్జియం తటస్థతకు 1839లో జర్మనీకి ముందున్న ప్రష్యా రాజ్యం కూడా హామీ ఇచ్చిందన్న సంగతి లెక్కలోకి రాలేదు. 1905 నాటి ఆయన పత్రంలో, అప్పటికి లేని డివిజన్లు కూడా ఉన్నాయి! అది అసలు ప్లానా, సైన్యాన్ని పెంచమనే అర్జీయా అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

ష్లీఫెన్ ప్లాన్‌లో దారి హాలెండ్ మీదుగా కూడా ఉంది. మోల్ట్కే దాన్ని మార్చి హాలెండ్‌ను వదిలేశాడు. దాంతో దారి ఇరుకైపోయింది. మొదటి రోజుల్లోనే బెల్జియంలోని లీజ్ కోటలు చేజిక్కకపోతే మొత్తం ఆగిపోతుంది. ఇక ఆలోచించుకోవడానికి టైమెక్కడ?

మిగిలిందంతా రైల్వే పనే. దాదాపు 11,000 రైళ్లు. కొలోన్‌లో రైన్ నది వంతెన మీద సుమారు పది నిమిషాలకొక బండి. ఒక్క గూడ్సు ఆలస్యమైతే వెనక బండ్లన్నీ ఏమవుతాయో మనకు తెలియనిది కాదు. పైగా మొత్తం సైన్యాన్ని తూర్పుకు పంపే ప్లాన్‌ను 1913లోనే పక్కన పెట్టేశారు. ఆ సాయంత్రానికి సొరుగులో ఇంకో టైంటేబుల్ లేదు. నిజంగానే కుదరదా అంటే, అంతకుముందు సైన్యపు రైల్వే విభాగాన్ని నడిపిన జనరల్ స్టాబ్స్‌కు మోల్ట్కే అన్న ఆ మాట కోపం తెప్పించింది. కుదిరేదేనని యుద్ధం తర్వాత లెక్కలేసి మరీ చూపించాడు.

ఆ రాత్రి పదకొండు గంటల వేళ మోల్ట్కేకు మళ్లీ పిలుపొచ్చింది. లండన్ కబురు పొరపాటని తేలింది. అప్పటికే పడుకున్న కైజర్, రాత్రి బట్టల మీద కోటు వేసుకుని వచ్చాడు. ఇక నీ ఇష్టం, ఏం చేసుకుంటావో చేసుకో అన్నాడు.